మంత్రిగారూ, మోకాళ్ళ నొప్పుల గురించి కూడా అడిగించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,
సామర్లకోట నుంచి రాస్తున్నాను.

మొన్న మా వీధికి ఆరోగ్య సర్వేకి వచ్చారు. బీపీ చూశారు, సుగర్ చూశారు, క్యాన్సర్ లక్షణాలేమైనా ఉన్నాయా అని అడిగారు. మంచి పనే, కాదనను. ఎదురింటి పెద్దావిడ, కాపురానికొచ్చిన నాటి నుంచి వరినాట్లు వేసిన మనిషి, గోడ పట్టుకుని లేచి "నా మోకాళ్ళ సంగతి రాసుకోవా అమ్మాయ్?" అంది. "అది ఇందులో లేదు మామ్మా" అని చెప్పి ఆ పిల్ల పక్కింటికి వెళ్ళింది. ఆమె తప్పు లేదు, ఇచ్చిన ప్రశ్నలే అడుగుతుంది. ఆ ప్రశ్నలు రాసినవాళ్ళకి మా ఆడవాళ్ళ మోకాళ్ళు ఎందుకు గుర్తురాలేదు?

మాది రైసుమిల్లుల ఊరు. మా ప్రాంతంలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అవి మోసిన ముఠా కార్మికులకి నలభై దాటకుండానే నడుము పట్టేస్తుంది. అయినా ఆస్పత్రి గడప తొక్కరు. వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఓపీ చీటీకో లైను, ఎక్సరేకో లైను, చివరికి "బరువులెత్తకు" అనే మాట. ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? ఆడవాళ్ళయితే "వయసు మీద పడ్డాక నొప్పులుండవా" అని తమకు తామే సర్దిచెప్పుకుంటారు.

అందుకే మందుల షాపులో ఒక డైక్లోఫెనాక్ నొప్పి బిళ్ళ, ఒక గ్యాస్ బిళ్ళ. టీ తాగి, అవి మింగి పనిలోకి. ఏళ్ళ తరబడి ఇలా వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అప్పుడు మాత్రం డయాలసిస్ రోగులుగా మీ లెక్కలోకి వస్తారు. అందాకా వీళ్ళంతా ఆరోగ్యవంతులేనా? ఆస్పత్రికి రాలేదు కాబట్టి నొప్పి లేదనుకుంటున్నారా?

మూడు నెలలు దాటిన నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో విడిగా చోటిచ్చింది. ఆ ఐసీడీ-11 పట్టిక 2022 జనవరిలోనే అమల్లోకి వచ్చింది. మన సర్వే దాకా రావడానికి ఇంకెన్నాళ్ళు పడుతుంది? ఆరోగ్యశ్రీ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2023లో ఊళ్ళకే వచ్చే ఫ్యామిలీ డాక్టర్ అన్నారు, 104 బండ్లన్నారు. పేర్లు మారాయి సరే. పగలంతా పనిలో ఉండే మనిషికి పగలొచ్చే డాక్టరు ఎలా దొరుకుతాడు? ఫిజియోథెరపీ తెలిసినవారిని సాయంత్రాలు మిల్లుల దగ్గరికి పంపలేరా?

సార్వా నాట్లు దగ్గరపడుతున్నాయి. ఏం చేస్తారో మీకే తెలియాలి. నాట్లు మొదలయ్యేలోగా ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
సామర్లకోట వాసి