పేడతోనే ఓనమాలు

తెల్లకోటు వేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చోవడమే పని అనుకుంటూ పశువైద్య కళాశాలలోని పరాన్నజీవుల ప్రయోగశాలలో చేరతారు కొత్త విద్యార్థులు. తీరా చేరాక చేతికొచ్చేది... పేడ, గొర్రె పెంటికల డబ్బా! ముక్కు మూసుకుంటే కుదరదు. పెంటికల్ని నలిపి చిక్కటి ఉప్పునీటిలో కలిపితే చాలారకాల నట్టల గుడ్లు పైకి తేలతాయి. కార్జపు జలగ గుడ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. వాటిని గుర్తుపట్టి లెక్కపెట్టడమే తొలి పాఠం.

గొర్రెల కాపరికి ఆ లెక్కే ఆధారం. నట్టల మందు తాగించిన రెండు వారాలకు మళ్లీ లెక్క చూడాలి. గుడ్లు పెద్దగా తగ్గలేదంటే నట్టలు ఆ మందుకు లొంగడంలేదేమోనని అనుమానించాలి. అది తెలియక అదే మందు మళ్లీ మళ్లీ పోస్తే డబ్బులూ దండగ, జీవాలూ చిక్కిపోతాయి.

ఐర్లాండ్‌ నుంచి అమెరికాలోని విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వెళ్లిన విలియం క్యాంప్‌బెల్‌ కూడా గొర్రెల్లోని కార్జపు జలగల మీదే పరిశోధించారు. తర్వాత ఆయన బృందం పశువుల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్‌... నల్ల ఈగల వల్ల వచ్చే నులిపురుగు వ్యాధి నుంచి ఆఫ్రికాలో ఎందరి చూపునో కాపాడింది. అందుకే జపాన్‌ శాస్త్రవేత్త సతోషి ఒమురాతోపాటు ఆయన్నీ 2015లో నోబెల్‌ వరించింది.

పేడ డబ్బా చూసి మొహం చిట్లించే కొత్తవాళ్లకు చెప్పాల్సిన కబురే కదూ!