విప్పినంత తేలిక కాదు బిగించడం

పాత కార్ల రిపేరు పుస్తకాల్లో ఒక మాట పదేపదే కనిపిస్తుంది: విప్పిన వరుసను తిరగేసి బిగించుకోండి. చదివితే ఎంత సుఖంగా ఉంటుందో! తుప్పు తిన్న సైలెన్సర్ పైపును హ్యాక్సా బ్లేడుతో కోసి కింద పడేసినవాడు ఆ వరుసను ఎలా తిరగేస్తాడో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు.

ఈ లోటు గమనించే జాన్ హేన్స్ రంగంలోకి దిగాడు. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేస్తూ ఇప్పటి యెమెన్‌లోని ఏడెన్‌లో ఉన్నప్పుడు, స్నేహితుడి ఆస్టిన్ హీలీ స్ప్రైట్ అనే చిన్న స్పోర్ట్స్ కారును బాగు చేయడానికి పూనుకున్నాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ మామూలు యజమానికి పనికొచ్చేలా లేదని అప్పుడు తెలిసింది. దాంతో కెమెరా పట్టుకుని, విప్పే ప్రతి దశనూ బిగించే ప్రతి దశనూ ఫొటోలు తీశాడు. 1966లో వెలువడిన ఆ పుస్తకం మొదటి ముద్రణ 3,000 ప్రతులు మూడు నెలల్లో అమ్ముడయ్యాయి. ఇంత చేసిన హేన్స్ పుస్తకాల్లోనూ ఆ పాత మాట పోలేదు. చేతికే తెలిసిన కిటుకులు కొన్ని కాగితం మీదికి ఎక్కలేదు. ఎగ్జాస్ట్ పని, అంటే పొగ గొట్టాల పని, అందుకు మంచి ఉదాహరణ.

ఎంజీబీనే తీసుకుందాం. ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 అక్టోబరు దాకా తయారైన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఇది. మొత్తం ఐదు లక్షలకు పైగా బండ్లు, అందులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి కాబట్టి, సొంత చేతులతో బాగు చేసుకునేవాళ్లకు ఇష్టమైన బండి.

దీని 1798 సీసీ ఇంజన్‌ది బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ వారి 'బి సిరీస్' కుటుంబం. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌దీ అదే కుటుంబం. కాబట్టి ఎన్నడూ ఎంజీబీని కళ్లతో చూడని విజయవాడ, వరంగల్ మెకానిక్‌లకు కూడా దీని గుట్టు తెలుసు. సిలిండర్లు నాలుగున్నా, వాటిపై మూతలా ఉండే హెడ్డుకు పొగ బయటికి పోయే రంధ్రాలు మూడే. నడిమి రెండు సిలిండర్లూ ఒకదాన్నే పంచుకుంటాయి. పైగా గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారీ, పొగ బయటికొచ్చే దారీ రెండూ ఒకే పక్క ఉంటాయి. చిక్కంతా అక్కడే.

హెడ్డుకు పక్కపక్కనే ఆనుకుని రెండు మానిఫోల్డులు, అంటే గొట్టాల గుత్తులు, బిగుస్తాయి. లోపలికి వెళ్లే దారిది అల్యూమినియం, పొగ దారిది పోత ఇనుము. గ్యాస్కెట్ రెండింటికీ కలిపి ఒక్కటే. వాటి మధ్య ఉన్న స్టడ్ల మీద బిళ్లలాంటి మందపాటి వాషర్ వేస్తారు. దాని సగం ఒక మానిఫోల్డు అంచు మీద, మిగతా సగం రెండోదాని అంచు మీద కూర్చుంటుంది. ఒక అంచు రెండోదానికన్నా వెంట్రుకవాసి మందంగా ఉందనుకోండి, వాషర్ వాలిపోతుంది. నట్టు ఎంత బిగించినా బలం మందంగా ఉన్న వైపే పడుతుంది. రెండో వైపు వదులుగానే ఉండి గ్యాస్కెట్ కాలిపోతుంది. యజమాని కొత్త గ్యాస్కెట్ కొంటాడు. అదీ కాలిపోతుంది. తప్పు గ్యాస్కెట్ కంపెనీదని తిట్టుకుంటాడు.

బిగించేముందు రెండు మానిఫోల్డులనూ చదునైన పలక మీద పక్కపక్కన పెట్టి, స్టడ్ దగ్గర అంచుల మందం కొలిస్తే ఈ బెడద ఉండదు. తేడా ఉంటే మందంగా ఉన్న అంచునైనా, వాషర్‌లో దానిమీద కూర్చునే సగాన్నైనా ఆకురాయితో అరగదీయాలి. గంట పని కూడా కాదు. ఎంజీబీ మీద చేయగలిగిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చేది మరొకటి ఉండదేమో.

ఇక నట్లు. పాత నట్టు కదలడం లేదని బలం చూపిస్తే స్టడ్ విరుగుతుంది. విరిగిన స్టడ్ హెడ్డులోనే ఉండిపోతే పని రోజులు పడుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయడం, విప్పేముందు ఒక్క పిసరు బిగించే వైపు తిప్పి ఆ తర్వాత వెనక్కి తిప్పడం అనుభవజ్ఞుల పద్ధతి. అప్పటికీ రాకపోతే నట్టును వేడి చేస్తారు. ఎంజీబీలో మాత్రం ఎగ్జాస్ట్‌కు సరిగ్గా పైనే కార్బురేటర్లు వేలాడుతుంటాయి. వాటిని, పెట్రోలు గొట్టాలను తీసి దూరంగా పెట్టాకే మంట దగ్గరికి తేవాలి. కొత్తగా వేసేవి ఇత్తడి నట్లయితే మేలు. ఇత్తడి ఉక్కు స్టడ్‌తో తుప్పు పట్టి కలిసిపోదు, వేడికి ఉక్కుకన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది కూడా. మెరుపు చూసి స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టే వేసేవాళ్లున్నారు. ఆ మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని అతుక్కుపోతే మళ్లీ రంపమే గతి.

పైపుల విషయంలో వరుసే ప్రాణం. ముందు నుంచి వెనకదాకా అన్నింటినీ వదులుగా తగిలించాలి. కింద పడుకుని గ్యాస్కెట్ రింగును చేత్తో పట్టుకోనక్కర్లేదు, కాస్త గ్రీజు పూస్తే అదే అంటుకుని నిలబడుతుంది. రబ్బరు పట్టీలకు సబ్బు నీళ్లు రాస్తే కొక్కేనికి సులువుగా ఎక్కుతాయి. పైపు ఎక్కడా బాడీకి తగలకుండా సర్దాకే బిగింపు మొదలుపెట్టాలి: మొదట హెడ్డు దగ్గర మానిఫోల్డు, తర్వాత దాని కింది పైపు జాయింట్లు, అక్కడి నుంచి వెనక్కి. ఆత్రంగా వెనక క్లాంపు ముందు బిగించేస్తే మెలి అంతా ముందు జాయింటు మీద పడుతుంది. తీరా నెల తిరక్కుండా అక్కడే లీకు.

జాకీ మీద గాల్లో వేలాడే బండికీ, చక్రాల మీద నిలబడ్డ బండికీ తేడా ఉంటుందన్న సంగతి చాలామంది మరచిపోతారు. బాడీ లేపితే వెనక యాక్సిల్ కిందికి జారుతుంది. అప్పుడు కనిపించిన ఖాళీ చక్రాలు నేలకు ఆనగానే మాయమై, పైపు టకటకా కొట్టుకుంటుంది. అందుకే చివరి సర్దుబాటు ర్యాంపు మీద, బరువు చక్రాల మీదే ఉండగా చేయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరడమంటే ప్రాణంతో చెలగాటమే, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇంత చాదస్తం ఎందుకు, కాస్త శబ్దం వస్తే స్పోర్ట్స్ కారుకు అందమే కదా అనేవాళ్లూ ఉన్నారు. యాక్సిలరేటర్ వదలగానే పటపటమని పేలే చప్పుడుకు మురిసిపోతారు. తరచూ అది జాయింటులోంచి గాలి లోపలికి పోతోందని చెప్పే గుర్తు. గాలి లోపలికి పోయే సందులోంచే కార్బన్ మోనాక్సైడ్ బయటికీ వస్తుంది. రంగూ వాసనా లేని వాయువు అది. మానిఫోల్డు ఉండేది డ్రైవరు కాళ్ల ముందున్న రేకు గోడకు అవతలే.

పైగా ఇప్పుడు తనిఖీ చేసేవాళ్లు కూడా తగ్గారు. బ్రిటన్‌లో 2018 మే నుంచి, 40 ఏళ్లు దాటి పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఏటా చేయించాల్సిన పరీక్ష తప్పనిసరి కాదు. చివరి ఎంజీబీ వయసు కూడా 40 దాటింది. అంటే లీకు పట్టుకునే బాధ్యత పూర్తిగా యజమానిదే. మినహాయింపు ఇచ్చినా బండి రోడ్డు మీదికి తగిన స్థితిలోనే ఉండాలని చట్టం చెబుతూనే ఉంది. పాత కార్ల మీద మమకారమున్న ప్రభుత్వం ఆ పరీక్షను అలాగే ఉంచితే బాగుండేది.

ఆ పరీక్ష లేకపోయినా లీకు తనిఖీ సొంతంగా చేసుకోవడం కష్టమేం కాదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆరుబయట స్టార్ట్ చేసి, తడి గుడ్డతో వెనక గొట్టం మూతిని ఒక్క క్షణం మూస్తే లీకున్న చోట బుస్సుమంటుంది. జాయింటు చుట్టూ నల్లటి మసి చార కనిపించినా అంతే అర్థం. కొత్తగా బిగించాక ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ సరిచూడాలి. పాత గ్యాస్కెట్ ముక్కలను మాత్రం పొడిగా గోకి ఊదకూడదు. ఆ కాలపు వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిపి తీయాలి.

ఈ కిటుకుల్లో చాలా వాటిని మన అంబాసిడర్ మెకానిక్‌లు పుస్తకం చూడకుండానే పాటించారు. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ ఇంజన్లు విప్పిన చేతులకు వయసు మీద పడుతోంది. మన దగ్గర 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా 2021లో నిబంధనలు వచ్చాయి. నంబరు ప్లేటు దొరుకుతుంది సరే, బండిని నడిపించే పనితనం ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు ఈసారి సైలెన్సర్ మార్పించేటప్పుడు షెడ్డులో కుర్చీ వేసుకుని కాలక్షేపం చేయకండి. ఫోను కెమెరా తెరిచి, మెకానిక్ పెద్దాయన ఏ నట్టు ముందు బిగిస్తున్నాడో, ఎందుకో అడిగి రికార్డు చేసి పెట్టండి.