సభలో ఎవరి మాట ముందు?

2018 మార్చిలో లోక్‌సభ ముందు మూడు డిమాండ్లు ఒకేసారి నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇవ్వనందుకు కేంద్రంపై అవిశ్వాసం ప్రకటిస్తూ తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ నోటీసులిచ్చాయి. కావేరీ యాజమాన్య మండలి కోసం అన్నాడీఎంకే సభ్యులు, రిజర్వేషన్లు పెంచుకునే అధికారం రాష్ట్రాలకే ఇవ్వాలంటూ టీఆర్‌ఎస్ సభ్యులు ప్లకార్డులు పట్టుకొని పోడియం దగ్గర నిలబడ్డారు. నోటీసుకు మద్దతుగా 50 మంది తమ స్థానాల్లో లేచి నిలబడితేనే అవిశ్వాసం చర్చకు వస్తుంది. సభ సద్దుమణగనిదే తలలు లెక్కపెట్టలేనంటూ స్పీకర్ సుమిత్రా మహాజన్ వాయిదా మీద వాయిదా వేశారు. అంతకు కొద్దిరోజుల ముందే, మార్చి 14న, ఇలాంటి గొడవ మధ్యే అన్ని శాఖల పద్దులూ, ఆర్థిక బిల్లూ చర్చ లేకుండా ఆమోదం పొందాయి.

యాభై తలలు లెక్కపెట్టడానికి అడ్డొచ్చిన గందరగోళం లక్షల కోట్ల బడ్జెట్‌కు అడ్డు రాలేదు.

సభా మర్యాదలు మంటగలిశాయని బాధపడేవాళ్లు సాధారణంగా సభ్యుల చదువునో, సంస్కారాన్నో తప్పుపడతారు. అసలు తగువు అక్కడ లేదు. ఏది ముందు చర్చించాలి, దాన్ని ఎవరు నిర్ణయించాలి అన్నదే తగువు. ఆ మూడు డిమాండ్లలో ఏదీ తేలికైనది కాదు. మూడింటికీ సభలో వేళ దొరకలేదు కనుకనే మూడూ పోడియం దగ్గరికి చేరాయి.

ఆ అవిశ్వాసం చివరికి జులై 20న చర్చకు వచ్చింది. తెలుగుదేశం సభ్యుడు కేశినేని నాని నోటీసుపై ఆ పార్టీకే చెందిన గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టారు. రాత్రి పొద్దుపోయేదాకా సాగిన చర్చ తర్వాత తీర్మానం 325–126 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ రోజు దేశానికి గుర్తున్నది మాత్రం రాహుల్ గాంధీ వెళ్లి ప్రధాని మోదీని కౌగిలించుకోవడం, తన సీటుకు తిరిగొచ్చి కన్నుకొట్టడం. అది సభా సంప్రదాయం కాదని స్పీకర్ మందలించారు. ప్రత్యర్థిని ఆలింగనం చేసుకోవడంలో తప్పేమీ లేదు. కన్నుకొట్టడంతో అది నటనగా కనిపించింది. తెలుగువారు నెలల తరబడి అడిగిన చర్చ ఆ దృశ్యం చాటున పడిపోయింది. ఆ నష్టం ఆంధ్రప్రదేశ్‌ది.

హోదా వివాదం మూలం కూడా మూతపడ్డ చర్చలోనే ఉంది. 2014 ఫిబ్రవరి 13న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు వేళ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లారు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆపి, మూజువాణి ఓటుతో బిల్లును గట్టెక్కించారు. 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ హోదాపై హామీ ఇచ్చారు. అది నోటిమాటగానే మిగిలింది, చట్టంలోకి ఎక్కలేదు. సవరణలపై నిదానంగా వాదించుకునే వీలుంటే ఆ హామీని అక్షరాల్లో పెట్టమని గట్టిగా పట్టుబట్టే అవకాశమైనా ఉండేది.

సభ చర్చకు చోటిచ్చిన రోజులూ ఉన్నాయి. 1963 ఆగస్టులో లోక్‌సభ తొలి అవిశ్వాస తీర్మానాన్ని చర్చించింది. ప్రతిపాదించినది ఆచార్య కృపలానీ. అప్పుడే ఉపఎన్నికలో గెలిచి వచ్చిన రామ్‌మనోహర్ లోహియా, 27 కోట్లమంది భారతీయులు రోజుకు మూడణాలతో బతుకుతున్నారని, ప్రధాని మీద రోజుకు 25 వేల రూపాయలు ఖర్చవుతోందని అన్నారు. మూడణాలు కాదు, పదిహేనణాలన్నారు నెహ్రూ. ఆ పదిహేనణాలు కలవారి ఆదాయాన్నీ కలిపి తీసిన సగటు, అందులో పేదవాడు కనిపించడని లోహియా వాదించారు. అంతకంటే పదునైన మాట ఆ సభలో ప్రధాని వినివుండరు. అయినా ఎవరినీ బయటికి పంపలేదు, మైకు ఆపలేదు. లెక్కకు లెక్కతోనే జవాబు వెతికారు. తీర్మానానికి 62 ఓట్లే వచ్చాయి, వ్యతిరేకంగా 347 పడ్డాయి. ఓడిన పక్షం చెప్పిన మూడణాల లెక్క మాత్రం పేదరికం మీద దేశం మాట్లాడే తీరునే మార్చింది.

హాస్యం కూడా ఇలాంటి సభలోనే పండుతుంది. అక్సాయ్ చిన్‌లో గడ్డిపరకైనా మొలవదని నెహ్రూ అంటే, ఆయన పార్టీవాడే అయిన మహావీర్ త్యాగి తన బట్టతల చూపించి, ఇక్కడా ఏమీ మొలవదు, దీన్నీ వదులుకుందామా అని అడిగారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రతి విమర్శ వెనకా విదేశీ హస్తం చూసిన ఇందిర హయాంలో ప్రతిపక్ష సభ్యుడు పీలూ మోదీ 'నేను సీఐఏ ఏజెంటును' అన్న బిళ్ల తగిలించుకొని పార్లమెంటుకు వచ్చారు. రెండు సందర్భాల్లోనూ నవ్వు విషయంలోకే తీసుకెళ్లింది. కన్నుకొట్టడం విషయం నుంచి బయటికి తీసుకెళ్లింది.

అలాంటి చర్చకు ఇప్పుడు వేళే తక్కువ. తొలి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. 17వ లోక్‌సభ 274 రోజులే. 2023 డిసెంబరులో ఉభయసభల్లో 146 మంది ప్రతిపక్ష సభ్యులను సస్పెండ్ చేశారు. వారిలో అత్యధికులు బయట ఉండగానే శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టాల స్థానంలో మూడు కొత్త బిల్లులు గట్టెక్కాయి. పౌరుడి స్వేచ్ఛను నేరుగా తాకే చట్టాలకు ఇంతకంటే అమర్యాద ఉండదు.

ప్రతిపక్షాలు నిర్దోషులని కాదు. 2జీ స్పెక్ట్రం కేటాయింపులపై సంయుక్త పార్లమెంటరీ సంఘం కోసం బీజేపీ, ఇతర పక్షాలు పట్టుబట్టడంతో 2010 శీతాకాల సమావేశాలు దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. మరుసటి ఏడాది ఆ సంఘం ఏర్పడింది. అడిగితే రానిది అడ్డుకుంటే వస్తుందని అన్ని పార్టీలూ నేర్చుకున్నాయి. ఈ పాఠాన్ని నిబంధనలతోనే మాన్పించాలి.

బ్రిటన్ కామన్స్ సభలో ప్రతి సమావేశకాలంలో 20 రోజుల ఎజెండా ప్రతిపక్షాలదే. మన లోక్‌సభలో అలాంటి రోజు ఒక్కటీ లేదు. ప్రైవేటు సభ్యులకు శుక్రవారం రెండున్నర గంటలు దక్కుతాయి, అలా వచ్చిన బిల్లు 1970 తర్వాత ఒక్కటీ చట్టం కాలేదు. ఎజెండా అంతా సర్కారు చేతిలో ఉంచుకొని, ఎదుటివారు కేకలేస్తున్నారని కోప్పడటం న్యాయం కాదు.

ఇది మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 118వ అధికరణ ప్రకారం ఏ సభ నిబంధనలు ఆ సభే రాసుకోవచ్చు. వారానికి ఒక రోజు ప్రతిపక్షాల ఎజెండాకు కేటాయించాలని, ఆ రోజు సంబంధిత మంత్రి తప్పక సభలో ఉండి జవాబివ్వాలని నిబంధన చేర్చాలి. 2014లో చర్చ లేకపోవడం వల్లా, 2018లో అది ఆలస్యమై మరుగున పడటం వల్లా నష్టపోయింది తెలుగువారే. కాబట్టి రెండు రాష్ట్రాల 42 మంది లోక్‌సభ సభ్యులు పార్టీలు పక్కన పెట్టి ఈ ప్రతిపాదనపై ముందుగా సంతకం చేయాలి.