భుజం నొప్పికి విశ్రాంతి ఎంత? పని ఎంత?

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి గుంత మగ్గం మీద పట్టుచీరలు నేస్తున్నాను. రెండు నెలలుగా కుడి భుజం నొప్పి. చెయ్యి పైకెత్తితే కలుక్కుమంటుంది. నెల రోజులు మగ్గం ముట్టుకోవద్దని ఒకరు, పని చేస్తుంటే అదే సర్దుకుంటుందని ఇంకొకరు అంటున్నారు. నెయ్యకపోతే ఇల్లు గడవదు. ఏం చెయ్యమంటారు?
- ఒక చేనేత కార్మికుడు, ధర్మవరం

జవాబు: ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది.

మీ వేళ్ళు చూసుకోండి. నాడె రాసుకునే చోట చర్మం కాయకాచి ఉంటుంది. కొత్తవాడికైతే అక్కడ బొబ్బలెక్కుతాయి. శ్రమ కొద్దికొద్దిగా పెరిగితే శరీరం గట్టిపడుతుంది. ఒక్కసారిగా మీదపడితే దెబ్బతింటుంది. పెనుకొండ కొండ మొదటిసారి ఎక్కి దిగినవారికి మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తాయి. వారం తర్వాత మళ్ళీ ఎక్కితే అంత బాధ ఉండదు. హిందూపురం మార్కెట్లో చింతపండు బస్తాలు మోసేవారి ఎముకలు కూడా బరువుకు తగ్గట్టు బలపడతాయి. ఎముక తీరు ఇదేనని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు.

మీ భుజాన్ని చూడకుండా ఫలానా జబ్బని చెప్పలేను. కాని మీరు రాసిన తీరును బట్టి, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనం నలిగి ఉండవచ్చు. కండరానికి రక్తం ధారాళంగా అందుతుంది కనుక చిన్న దెబ్బ రెండు మూడు వారాల్లో మానుతుంది. స్నాయుబంధనానికి రక్తం తక్కువ. అందుకే నెలలు పడుతుంది. గట్టిగా పని చేసిన తర్వాత ఒకటి, ఒకటిన్నర రోజుల దాకా అందులో అరుగుదలే ఎక్కువ. ఆ తర్వాతే కొత్త పోగులు పైచేయి అవుతాయి. వ్యవధి ఇవ్వకుండా రోజూ లాగితే, పాత అప్పు తీరకముందే కొత్త అప్పు చేసినట్టే. అలాగని నెల రోజులు చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది, కండరం సన్నబడుతుంది.

కనుక మగ్గం మానకండి, తగ్గించండి. రెండు వారాలు రోజు విడిచి రోజు నెయ్యండి. మధ్య రోజుల్లో భుజానికి శ్రమలేని పని చూసుకోండి. నేసే రోజు అరగంటకోసారి గుంతలోంచి లేచి చేతులు మెల్లగా తిప్పండి. మోచెయ్యి పక్కకు ఆనించి, ముంజేతి వెనుకభాగాన్ని గోడకు నెట్టి పది అంకెలు లెక్కపెట్టండి, రోజూ ఐదుసార్లు. కొద్దిపాటి నొప్పి మర్నాటి పొద్దుటికి తగ్గిపోతే భయం లేదు. పెరిగిందంటే పని ఎక్కువైందని అర్థం. తర్వాత వారం వారం కొంచెం పెంచండి.

రాగి సంగటితో పాటు పప్పు, ఉలవలు, గుడ్డు తినండి. బీడీ అలవాటుంటే మానండి. అది గాయాన్ని త్వరగా మాననివ్వదు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతూ నెయ్యడం మాత్రం వద్దు. మధుమేహం ఉన్నవారికి భుజం బిగుసుకోవడం ఎక్కువ. ఒకసారి రక్తంలో చక్కెర చూపించుకోండి.

చెయ్యి అసలు లేవకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, జ్వరం వచ్చినా, రాత్రుళ్ళు నొప్పితో నిద్ర పట్టకపోయినా, ఆరు వారాలకూ గుణం కనిపించకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. ఈ చీర ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ భుజంతో మీరు ఇంకా ఎన్నో చీరలు నెయ్యాలి.