డిష్షు వెనక పదేళ్లు

డాబా మీద డిష్షు బిగించడం గంట పని. అది డాబా దాకా రావడానికే ఏళ్లు పట్టింది. స్టార్ టీవీ ‘ఐస్కైబీ’ పేరుతో సిద్ధమవుతుంటే, 1997లో ప్రభుత్వం డీటీహెచ్ వద్దంది. 2000 నవంబరులో సరేనంది, విదేశీ వాటా 49 శాతం మించకూడదన్న షరతుతో. తొలి సర్వీసు 2003లో మొదలైంది.

అనుమతులొచ్చినా, ఛానెళ్లను మోయడానికి ఉపగ్రహాలుండాలిగా! 2006 జులై 10న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ, డీటీహెచ్ కోసం చేసిన ఇన్‌శాట్-4సితో పైకి లేచింది. పక్కనున్న నాలుగు ద్రవ ఇంధన మోటార్లలో ఒకటి మొరాయించింది. కాసేపటికే శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. దాని బదులు ఇన్‌శాట్-4సిఆర్ ఎగిరింది 2007 సెప్టెంబరు 2న. ఆరోజూ రెండు గంటలు ఆలస్యమే!

వానకి బొమ్మ ఆగిపోయిందని విసుక్కునేటప్పుడు ఆ నిరీక్షణ ఓసారి గుర్తుచేసుకోండి.