పసికంట తెల్ల మెరుపు.. జాప్యమే ప్రాణాంతకం

ప్రొద్దుటూరు: పసిబిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ‘పిల్లికన్ను’ అని సరిపెట్టుకోరాదు. అది కంటి లోపలి రెటీనా పొరకు వచ్చే క్యాన్సర్, రెటినోబ్లాస్టోమాకు సంకేతం కావచ్చు. మెల్లకన్నూ దీని లక్షణమే. సుమారు 15 వేల నుంచి 18 వేల జననాలకు ఒకరికి వచ్చే ఈ వ్యాధి అధికంగా ఐదేళ్లలోపే బయటపడుతుంది.

కణితి కంటికే పరిమితమై ఉండగా గుర్తిస్తే అత్యధికుల ప్రాణం దక్కుతుంది. కీమోథెరపీ మందులను మూడు, నాలుగు వారాలకోసారి సాధారణంగా ఆరు విడతలు ఇస్తారు. నెలల పసికందులకు బరువును బట్టి మోతాదు తగ్గిస్తారు. మిగిలిన కణితిని లేజర్, అతిశీతల చికిత్సలతో నిర్మూలిస్తారు. వ్యాధి కన్నంతా ఆక్రమిస్తే కన్ను తొలగించక తప్పదు. అందుకు తల్లిదండ్రులు వెనుకాడేలోగా క్యాన్సర్ కంటి నరం గుండా మెదడుకు పాకే ప్రమాదముంది.

హైదరాబాద్‌లో 1987లో ఏర్పడిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటి క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగం ఉంది. అయితే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి అది 350 కి.మీ. పైబడిన దూరం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్స ఖర్చును తగ్గించినా, విడతవిడతకూ కోల్పోయే కూలిని తీర్చలేదు. కూలి కోసం చికిత్స మధ్యలో మానితే మొదటికే మోసం.

టీకాలకు తెచ్చిన ప్రతి శిశువు కళ్లనూ ఆరోగ్య సిబ్బంది పరీక్షించి, అనుమానం కలిగితే వెంటనే నేత్ర నిపుణుల వద్దకు పంపాలి. తోబుట్టువుకు ఈ వ్యాధి వచ్చి ఉంటే పుట్టిన వెంటనే పరీక్ష తప్పనిసరి.