ఈస్టర్ కదలడం తప్పు కాదు, పట్టికే పాతబడింది

చిల్లకూరు మండలంలో తమ్మినపట్నం వైపు వేట మీద బతికే ఇళ్లకు ఏప్రిల్ 15 ముఖ్యమైన తేదీ. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేటకు నిషేధం. 2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది, బోట్లు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. 2025లో ఏప్రిల్ 20న వచ్చేసరికి బోట్లు ఒడ్డెక్కేశాయి, చేతిలో డబ్బు ఆడడం తగ్గింది. 2026లో మళ్లీ వెనక్కి, ఏప్రిల్ 5. క్రిస్మస్‌కు ఉన్నట్టు దీనికీ ఒక తేదీ ఖాయం చేస్తే ఏం పోయిందని పండగ ఖర్చు చూసుకునే ఇల్లాలూ అడుగుతుంది, పరీక్షల టైమ్‌టేబుల్ వేసే అధికారీ అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. కానీ తేదీ మారడంలో నాకు తప్పు కనబడదు. తప్పల్లా ఆ తేదీని ఏ లెక్కతో తేలుస్తున్నారన్న దగ్గరే ఉంది.

క్రీస్తును సిలువ వేసింది యూదుల పస్కా రోజుల్లో. పస్కా నీసాను నెల పౌర్ణమికి వస్తుంది, పునరుత్థానం ఆదివారం. తొలి తరాల విశ్వాసులకు మిగిలిన గుర్తులు ఈ రెండే, ఒక పున్నమి, ఒక వారం. సూర్యమానం ప్రకారం ఫలానా తేదీ అని ఎవరూ రాసిపెట్టలేదు. రెండో శతాబ్దంలో ఆసియా మైనర్ సంఘాలు ఏ వారమైనా సరే నీసాను 14నే పండగ చేసేవి, రోమ్ మాత్రం ఆదివారమే కావాలంది. 325లో నైసియా మహాసభ అందరూ ఒకే ఆదివారం చేయాలని తేల్చింది. ఆ తర్వాత స్థిరపడిన సూత్రం ఇది: మార్చి 21న గానీ, అది దాటాక గానీ వచ్చే తొలి పౌర్ణమి తర్వాతి ఆదివారం. పౌర్ణమే ఆదివారం పడితే ఇంకో వారం ఆగాలి. 2025లో జరిగింది అదే. దీని ప్రకారం ఈస్టర్ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లేవాళ్లు తల ఎత్తితే, మబ్బు లేకుంటే, దాదాపు ఏ ఏడాదైనా తరుగు చంద్రుడే కనిపిస్తాడు. జనవరి క్యాలెండర్‌లో తేదీ మారినా బహుళ పక్షం మారదు.

తెలుగువాళ్లకు ఇదేమీ వింత కాకూడదు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ శుద్ధ చాంద్రమానం, అందుకే ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ పోతుంది. ఉగాదిని అలా జారిపోకుండా అధికమాసం పట్టి ఆపుతుంది, పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు. ఈస్టర్ తేదీ తేల్చే చర్చి పట్టిక నడిచేదీ ఆ పందొమ్మిదేళ్ల చక్రం మీదే. పందొమ్మిది సౌర సంవత్సరాలకు 235 చాంద్రమాసాలు దాదాపు సరిపోతాయి. తేడా గీత ఎక్కడ గీశారన్న దాంట్లోనే. చర్చి పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుకు గుర్తుగా మార్చి 21న గీసింది, మన పంచాంగం ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే మేష సంక్రమణం దగ్గర గీసింది. 2024లో ఈస్టర్ ఫాల్గుణ పౌర్ణమి వెనకే వచ్చేసి, ఏప్రిల్ 9 నాటి ఉగాది కంటే ముందుపడింది అందుకే.

ఖాయం చేద్దామన్న ప్రయత్నాలు లేకపోలేదు. ఏప్రిల్ రెండో శనివారం మర్నాటి ఆదివారం ఈస్టర్ చేయాలని 1928లో బ్రిటన్ పార్లమెంటు చట్టమే చేసింది. అంటే ఏప్రిల్ 9 నుంచి 15 లోపు. వేట కుటుంబాలకు నిజంగానే అనువైన వారం అది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ చట్టం ఈనాటికీ అమల్లోకి రాలేదు. మన అనుభవమూ అలాంటిదే. మేఘనాథ్ సాహా కమిటీ సిఫారసుతో 1957లో వచ్చిన జాతీయ క్యాలెండర్ చైత్రం 1ని మార్చి 22కు, లీపు ఏడాదిలో 21కి, ఖాయం చేసింది. ఆకాశవాణి ఆ తేదీని చదివింది, గెజిట్ అచ్చువేసింది. ఆ తేదీని చూసి ఉగాది పచ్చడి కలిపిన ఇల్లు మాత్రం లేదు. పండగ తేదీని పాలనా సౌలభ్యం కోసం జరిపితే జనం వెంట రారు. పైగా ఒకరు జరిపి ఇంకొకరు జరపకపోతే చీలికే మిగులుతుంది. గ్రెగరీ పోప్ 1582లో చేసిన క్యాలెండర్ సవరణను జర్మనీ ప్రొటెస్టెంట్లు 1700 దాకా ఒప్పుకోలేదు. ఆ తర్వాతా 1724లో, 1744లో వాళ్ల ఈస్టర్, కాథలిక్కుల ఈస్టర్ వేర్వేరు రోజుల్లో వచ్చాయి. 1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరుకు, 1865లో జర్మనీ హెర్మాన్స్‌బర్గ్ లూథరన్లు సూళ్లూరుపేట వైపుకు వచ్చేనాటికి ఆ తగవు సద్దుమణిగింది కాబట్టే ఈ తీరంలో ఏ సంఘానిదైనా ఒకటే తేదీ.

ఇక అసలు చిక్కు. చర్చి చూసేది ఆకాశంలోని చంద్రుణ్ణి కాదు, పట్టికలోని చంద్రుణ్ణి. 2019 మార్చి 21న విషువత్తు గడిచిన నాలుగు గంటల్లోపే పున్నమి ఘడియ పడింది. ఆకాశం లెక్కన మార్చి 24 ఈస్టర్. పట్టిక ఆ పున్నమిని మార్చి 20కి వేసుకుని చెల్లదంది, పండగ ఏప్రిల్ 21కి పోయింది. రష్యా, గ్రీస్ సంఘాల పట్టిక ఇంకా పాతది, గ్రెగరీ సవరణకు ముందటి జూలియన్ క్యాలెండర్‌ది. జూలియన్ మార్చి 21 అంటే మనకు ఏప్రిల్ 3. 2024లో వాళ్ల ఈస్టర్ మే 5న, ఐదు వారాల తర్వాత వచ్చింది. 1997లో అలెప్పోలో కూడిన చర్చి ప్రతినిధులు నైసియా సూత్రాన్ని ఉంచి, విషువత్తునూ పున్నమినీ జెరూసలేం రేఖాంశం మీద ఖగోళ గణితంతో లెక్కించమన్నారు. ఆకాశం లెక్కతో నడిచే దృక్ పంచాంగం పెట్టుకున్నాక మన తిథుల తగాదాలు తీరాయా అని ఎవరైనా అడగొచ్చు. తీరలేదు, నిజమే. అయితే అక్కడ పాత లెక్క, దృక్ లెక్క రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి, ఎవరికి నచ్చింది వారు పట్టుకుంటున్నారు. చర్చికి మాట చెల్లే పీఠాలున్నాయి. అందరూ ఒప్పుకున్న తేదీకి తాము సిద్ధమని పోప్ ఫ్రాన్సిస్ 2025 జనవరిలో చెప్పారు కూడా. వ్యవధీ ఉంది. పందొమ్మిదేళ్ల చక్రం తిరిగి 2038లో ఇదే పేచీ వస్తుంది. ఆకాశం మార్చి 28 అంటుంది, పట్టిక ఏప్రిల్ 25 అంటుంది. అప్పటికీ వేట నిషేధం తేదీలు ఇవే ఉంటే, పట్టిక మాట విన్నందుకు తమ్మినపట్నం బోట్లు పదిరోజులుగా ఒడ్డున ఉండగా పండగ వస్తుంది.